ఉంటామని రాసిచ్చిన ఊరు

మేమంతా ఒకే మాట కింద సంతకం పెట్టినవాళ్లం. హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చినవాళ్లం, గుంటూరు నుంచి, కర్నూలు నుంచి, కరీంనగర్ నుంచి వచ్చినవాళ్లం. కంప్యూటర్ పనివాళ్లం, నర్సులం, లెక్కలు రాసేవాళ్లం, వెల్డర్లం. ఆ మాట సారం ఇంతే: నన్ను నామినేట్ చేసిన ఈ ప్రావిన్సులోనే కాపురముండే ఉద్దేశం నాకుంది. విన్నిపెగ్ అంటే చలి అని మాత్రం విన్నాం. రెజీనా అంటే అదీ వినలేదు. అయినా ఉంటామని రాసిచ్చాం.

తర్వాత కొందరం ఉన్నాం. కొందరు వెళ్లిపోయారు. టొరంటో పక్కన బ్రాంప్టన్‌కో మిసిసాగాకో, లేదంటే కాల్గరీకో. వెళ్లిపోయినవాళ్లు చేసింది ద్రోహమా? మా దావతుల్లో బిర్యానీ అయిపోయి చాయ్ వచ్చేలోపు ఈ మాట తప్పకుండా లేస్తుంది. ఉన్నవాళ్లం కొంచెం గొంతు పెంచుతాం. వెళ్లినవాళ్లెవరైనా సెలవులకొచ్చి అక్కడ కూచుని ఉంటే నవ్వేసి ఊరుకుంటారు. ఆ నవ్వుతో ప్రశ్న తీరదు కాబట్టి ఇక్కడ కూచుని రాస్తున్నాం.

ఈ నామినేషన్ సంగతి గల్ఫ్ వీసాలు, అమెరికా హెచ్1బీలు తెలిసిన మన జనానికి అంతగా తెలీదు. కెనడాలో వలస అనేది కేంద్రానికీ ప్రావిన్సులకీ ఉమ్మడి వ్యవహారం. 1867 నాటి రాజ్యాంగ చట్టంలోనే, 95వ సెక్షన్‌లో, అలా రాసుకున్నారు. క్విబెక్ 1991 ఒప్పందంతో తనకు కావలసిన మనుషుల్ని తానే ఎంచుకునే హక్కు సంపాదించింది. మిగతా ప్రావిన్సుల బాధ వేరు. దేశంలో దిగినవాడు దిగినట్టే టొరంటో, మాంట్రియల్, వాంకోవర్ చేరిపోతున్నాడు. మైదానాల్లోని ఊళ్లలో ఆస్పత్రికి నర్సు లేదు, వర్క్‌షాపుకి వెల్డరు లేడు. అందుకని 1998లో మానిటోబా మొదలుపెట్టింది: మాకు కావలసినవాళ్లని మేం పేరు పెట్టి అడుగుతాం, మీరు శాశ్వత నివాసం ఇవ్వండి అని. ఒకదాని తర్వాత ఒకటి మిగతా ప్రావిన్సులూ అదే బాట పట్టాయి. ఇవాళ క్విబెక్, నునావుట్ తప్ప అందరికీ ఈ ప్రోగ్రాం ఉంది. 2015లో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ వచ్చాక దీని బలం ఇంకా పెరిగింది. ఆ పద్ధతిలో మొత్తం 1200 పాయింట్లయితే ప్రావిన్సు నామినేషన్ ఒక్కదానికే 600. వయసు దాటిపోయి, ఇంగ్లీషు పరీక్షలో అర మార్కు తగ్గి, ఇంక రాదులే అనుకుని దరఖాస్తు పక్కన పెట్టినవాడికి ఆ కాగితం ఒక్కటి వస్తే చాలు. ఇంట్లో మిఠాయి పంచుతారు.

మానిటోబా లెక్క ఒకటి చెప్పాలి. చదువుకు, అనుభవానికి పాయింట్లు సరే. బంధుత్వానికి కూడా పాయింట్లే. అక్కడ అన్నో, చెల్లెలో, మేనత్తో ఉంటే ఇన్ని, స్నేహితుడో దూరపు చుట్టమో ఉంటే ఇన్ని. అంతకుముందు వేరే ప్రావిన్సులో చదివి ఉంటే, పని చేసి ఉంటే వంద పాయింట్ల కోత. నీ మనసు ఇంకో చోటికి గుంజుతుందేమోనని ముందే తూకం వేస్తారన్నమాట. పెళ్లి సంబంధం చూసేటప్పుడు కుర్రాడికి ఇదివరకు ఎక్కడైనా మనసు పడిందా అని ఆరా తీసినట్టు.

మా ఇళ్లలో ఖాలా కొడుకు, ఫుప్పీ కూతురు అనేవి నోటితో పిలుచుకునే వరసలు. వాటికి ఇప్పుడు కాగితాలు కావాలి. మీ అమ్మా వాళ్ల అమ్మా అక్కచెల్లెళ్లని రుజువు చెయ్యాలంటే ఆ ఇద్దర్నీ కన్న నానీ పేరు రెండు సర్టిఫికెట్ల మీదా ఒకేలా ఉండాలి. నానీ ఒకచోట బీ, ఒకచోట బేగం, రేషన్ కార్డులో ఏదీ లేదు. మగవాళ్ల గతి ఇంకా తమాషా. స్కూల్లో మాస్టారు మొహమ్మద్ అని పూర్తిగా రాసే ఓపిక లేక ఎం.డి. అని రాసి పడేసిన పేర్లు మావి. పరాయి దేశపు గుమాస్తా ఆ ఎం.డి. చూసి డాక్టరా అని అడుగుతాడు. వెల్డరు అని చెబితే అనుమానంగా చూస్తాడు. పుట్టిన ఊళ్లో మా పేరు పూర్తిగా రాయనందుకు ఇక్కడ అఫిడవిట్లు కొనుక్కున్నాం.

సరే, సంతకం పెట్టాం, వచ్చాం. ఇక అసలు విషయం. కెనడా హక్కుల చార్టర్ 1982 నాటిది. అందులో ఆరో సెక్షన్ ప్రకారం పౌరుడికే కాదు, శాశ్వత నివాసికి కూడా ఏ ప్రావిన్సుకైనా పోయి ఉండే హక్కు, బతుకుతెరువు వెతుక్కునే హక్కు ఉంది. వలస నిబంధనల్లో 87వది ఏమంటుందంటే, నామినేట్ చేసిన ప్రావిన్సులో ఉండే ఉద్దేశం దరఖాస్తుదారుకి ఉండాలి. ఉద్దేశం మాత్రమే. ఎన్నేళ్లు అని లేదు. దిగిన తర్వాత మనసు మారితే శిక్ష లేదు. మొదట్నుంచీ అబద్ధమే చెప్పావని రుజువైతే ఐదేళ్ల నిషేధం ఉంది, నివాసం పోయే ప్రమాదం ఉంది. కానీ మనసులో ఏముందో ఏ అధికారి రుజువు చెయ్యగలడు?

ఈ 'ఉద్దేశం' అన్న మాట దగ్గర మేం ఆగిపోయాం. దానికి మా ఇళ్లలో ఒక పాత పేరుంది, నియ్యత్ అని. నమాజుకు నిలబడేముందు, రోజా పట్టేముందు నియ్యత్ చేసుకుంటాం. ఇమామ్ బుఖారీ తన హదీసుల సంకలనంలో అన్నిటికంటే ముందు పెట్టింది నియ్యత్ గురించిన హదీసునే. పని విలువ ఉద్దేశాన్ని బట్టే అని చెప్పి, అందుకు ఉదాహరణగా తీసుకున్నది దేన్నో తెలుసా? హిజ్రత్‌ని. అంటే వలసని. దేవుడి కోసం ఊరు విడిచినవాడి వలస దేవుడి లెక్కలోకి, లోకపు లాభం కోసం విడిచినవాడిది ఆ లాభం లెక్కలోకి పోతుందని దాని భావం. మా వలస రెండో రకం. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు. జీతం కోసం వచ్చాం, పిల్లల చదువు కోసం వచ్చాం, అద్దెకు ఇల్లు అడిగితే పేరు విని తలుపు వేసెయ్యని చోటేదైనా ఉంటుందేమోనని వచ్చాం. అదే సంప్రదాయం మాటిచ్చి తప్పడాన్ని మునాఫిక్ గుర్తుల్లో ఒకటిగా లెక్కపెట్టింది. మునాఫిక్ అంటే లోపలొకటి, బయటొకటి ఉన్నవాడు. కాబట్టి నియ్యత్ పేరు చెప్పుకుని సులువుగా బయటపడే వీలు మాకు లేదు. ముస్లిం కానివాళ్లకి కూడా ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కాటిసీను చూడ్డానికి మా ఊళ్లలో మేమూ మీ పక్కనే చాపలు పరుచుకుని తెల్లవార్లూ కూచున్నాం. మాట కోసం ఆలినీ బిడ్డనీ అమ్ముకున్నవాడిని చూసి మేమూ ఏడ్చాం.

అయితే హరిశ్చంద్రుడిని అడిగినట్టు బతకడానికి వచ్చినవాణ్ణి అడగొచ్చా? నర్సు అన్నందుకు పాయింట్లు లెక్కగట్టి పిలిచారు. వచ్చాక ఆమె చదువు చెల్లుతుందో లేదో తేల్చడానికి లైసెన్సు సంస్థ ఏళ్లు తీసుకుంటే, వృద్ధాశ్రమంలో పక్కబట్టలు మారుస్తూ ఎన్నాళ్లు ఎదురుచూడాలి? నైపుణ్యం చూసి పిలిచినవాళ్లు ఆ నైపుణ్యానికి పని ఇవ్వకపోవడం కూడా మాట తప్పడమే కదా. కాకపోతే వాళ్ల మాట మీద సంతకం లేదు. వేరే ప్రావిన్సులో ఆ లైసెన్సు ముందు దొరికితే ఆమె పోతుంది. పోవాలి కూడా.

క్విబెక్ సంగతి ఇంకా చేదు. అది మేం వచ్చిన దారి కాకపోయినా, ఒక ప్రాంతం తన మనుషుల్ని తానే ఎంచుకోవడమంటే ఏమిటో దానివల్ల తెలుస్తుంది. 2019లో తెచ్చిన చట్టం ప్రకారం అక్కడి ప్రభుత్వ బడిలో కొత్తగా చేరే టీచరు తలమీద హిజాబ్ ఉండకూడదు. ఫ్రెంచ్ నేర్చుకుని, ఆ నేల ఎంచుకుంటేనే వచ్చిన ఒక ఆడమనిషి టీచరు ట్రైనింగు కూడా పూర్తిచేసిందనుకోండి. తలగుడ్డ తీసెయ్, లేదా వేరే పని చూసుకో అంటే ఆమె సరిహద్దు దాటి ఒట్టావాకి పోయి పాఠాలు చెప్పుకుంటుంది. ఎవరు ఎవరికి ద్రోహం చేశారు? ఆమెకి ఆ దారి తెరిచి ఉంచింది చార్టర్‌లోని ఆరో సెక్షనే. ఉంటాననే మాటకు విలువ ఉండాలంటే, పోవడానికి దారి ఉండాలి.

ఈ మాట మా తెలుగు పాఠకులకు పరాయిది కాదు. ముల్కీ నిబంధనలు గుర్తు చేసుకోండి. నిజాం కాలపు ఆ నిబంధనల్లో బయటివాడు ముల్కీ కావాలంటే పదిహేనేళ్ల నివాసం ఉండాలి. అది అందరికీ గుర్తే. దాని పక్కనే ఇంకో షరతు ఉండేది: పాత ఊరికి తిరిగిపోయే ఉద్దేశం వదులుకున్నానని మేజిస్ట్రేటు ముందు అఫిడవిట్ ఇవ్వాలి. అక్కడా ఉద్దేశమే, అక్కడా కాగితమే. 1952లో హైదరాబాద్ వీధుల్లో పిల్లలు ఉద్యమం చేసింది ఎందుకు? దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో ఉద్యోగాలు పట్టుకుపోతున్నారని. 1969లో మళ్లీ మంటలు లేచింది అలాంటి గాయం మీదే. అప్పుడు ఆ దొంగ కాగితం వల్ల నష్టపోయినవాడు ప్రభుత్వం కాదు, ఆ ఉద్యోగం రావలసిన వరంగల్ కుర్రాడు. ఈ సంగతి మనసులో పెట్టుకుని ముందుకు పోదాం.

ఆస్ట్రేలియావాళ్లు ఇదే సమస్యని రెండు రకాలుగా చూశారు. వాళ్ల 190 నంబరు వీసాకి రాష్ట్రం నామినేట్ చేస్తుంది. సాధారణంగా రెండేళ్లు ఆ రాష్ట్రంలో ఉంటానని మాట తీసుకుంటుంది. కానీ వీసా మీద షరతు ఉండదు, అది నైతిక బాధ్యత మాత్రమే. 2019 నవంబర్‌లో వచ్చిన 491 వీసా అలా కాదు. ఐదేళ్ల తాత్కాలిక వీసా అది. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ కాకుండా మిగతాచోట్లే ఉండాలి, పని చెయ్యాలి. మూడేళ్ల తర్వాత గాని శాశ్వత వీసాకి దరఖాస్తు చెయ్యడానికి లేదు. షరతు తప్పితే వీసాకే ముప్పు. మా బంధువులు కొందరు అడిలైడ్‌లో ఈ వీసా మీద ఉన్నారు. వాళ్లని అడిగితే, ఉన్నామా లేదా అన్నది కాదు, రోజులు లెక్కపెడుతున్నాం అంటారు. మూడేళ్ల అద్దె రసీదులు ఫైలు కట్టి దాచుకుంటారు. కట్టేసిన మనిషి ఉంటాడు, సందేహం లేదు. ఆ ఉండటంలో మాట నిలబెట్టుకోవడం ఎంత ఉందన్నది మా అనుమానం. రెండింటిలో మాకు నచ్చింది నమ్మి వదిలేసే పద్ధతే. నమ్మి వదిలేస్తే మన మీద బరువు ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ మనల్ని మనిషి కింద లెక్క వేసింది అదే.

అసలు ఎవరు ఉంటున్నారో చూస్తే నీతిబోధలు కొంచెం తగ్గుతాయి. మానిటోబాలో వింక్లర్, స్టైన్‌బాక్ అనే చిన్న ఊళ్లకి ఈ ప్రోగ్రాం మొదటి ఏళ్లలో జర్మనీ నుంచి మెన్నోనైట్ క్రైస్తవులు వచ్చారు. ఆ ఊళ్లలో వాళ్ల చర్చి, వాళ్ల భాష ముందునుంచే ఉన్నాయి. విన్నిపెగ్‌లో ఫిలిప్పీన్స్‌వాళ్లు కుట్టుమిషన్ ఫ్యాక్టరీల్లో పనికి 1960ల చివర్లోనే వచ్చి ఉన్నారు కాబట్టి తర్వాత వచ్చినవాళ్లకి అత్తలూ మామలూ ఎదురొచ్చారు. వాళ్లు నిలబడ్డది మాకంటే సత్యవంతులై కాదు. మనిషి ఉండేది మనుషుల దగ్గర. మాకు హలాల్ మాంసం ఎక్కడ దొరుకుతుంది, పండగ రోజు ఎవరింటికి పోవాలి, రేపు ఇంట్లో ఎవరైనా చనిపోతే గుసుల్ ఎవరు చేయిస్తారు, ఖబ్రస్తాన్ ఎక్కడుంది, ఇవీ ప్రశ్నలు. ఏ పాయింట్ల పట్టికలోనూ ఇవి లేవు. ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేం. ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన ఇనువిక్ అనే ఊళ్లో ఉన్న కొద్దిమంది ముస్లింల కోసం 2010లో మసీదుని విన్నిపెగ్‌లోనే కట్టి, లారీ మీద, ఆ తర్వాత పడవ మీద దాదాపు 4,000 కిలోమీటర్లు తీసుకుపోయి అక్కడ దించారు. మసీదే ప్రావిన్సు దాటిపోయింది. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు.

ఇక ప్రభుత్వాల మాట సంగతి. 2024 ఫిబ్రవరిలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ తన నామినేషన్లు నాలుగో వంతు తగ్గిస్తున్నట్టు చెప్పింది. ఎక్కువ కోత దుకాణాల్లో, హోటళ్లలో పనిచేసేవాళ్ల మీద పడింది. ఆ పాత నిబంధనలు చూసుకునే, ఇక్కడ పని చేస్తే నామినేషన్ వస్తుందనే, ఎంతోమంది ఆ దీవికి పోయి కాఫీ దుకాణాల్లో నిలబడ్డారు. మే నెలలో షార్లెట్‌టౌన్‌లో గుడారాలు వేసి ధర్నాకు కూచున్నారు, నిరాహారదీక్ష చేశారు. ఎక్కువమంది మన దేశపు పిల్లలే. వాళ్లు అడిగింది టొరంటోకి పోనివ్వమని కాదు, ఇక్కడే ఉండనివ్వమని. 'ఉంటారా?' అని అందర్నీ అడిగే ప్రావిన్సు, 'ఉంటాం' అని నెత్తీ నోరూ కొట్టుకున్నవాళ్లకి ముందు చెప్పిన నిబంధన మార్చేసింది. మరుసటి ఏడాది కేంద్రం దేశం మొత్తమ్మీద ప్రావిన్సుల నామినీల లక్ష్యాన్ని 1,10,000 నుంచి 55,000కి, అంటే సగానికి, కోసేసింది. తర్వాతి ప్రణాళికలో మళ్లీ పెంచారనుకోండి. ఆ మధ్యలో వర్క్ పర్మిట్ గడువు తీరిపోయినవాళ్లకి ఆ పెంపు దేనికి?

అందుకని, ప్రభుత్వం ఉప్పు తిన్నారు, విశ్వాసం చూపండి అంటే మేం ఒప్పుకోం. ఎవరి ఉప్పు ఎవరు తిన్నారు? మా వయసులో మంచి ఏళ్లు, మా తల్లిదండ్రులు భూమి అమ్మి చదివించిన చదువు, రాత్రి షిఫ్టులు, పన్నులు, ఇవన్నీ ఇచ్చే తిన్నాం. ఉన్నా పోయినా ప్రభుత్వానికి మేం పడ్డ బాకీ ఏమీ మిగల్లేదు.

మరి బాకీ ఎవరికి? మాలో తర్జనభర్జనలు పడి తేలిందేమంటే, మా వెనక నిలబడినవాడికి. ఏ ప్రావిన్సుకైనా ఏడాదికి ఇన్ని అని నామినేషన్లు ఉంటాయి. ఆ సీటు నేను తీసుకుంటే ఇంకొకరికి లేదు. టొరంటోలో అన్న దగ్గర ఇల్లు చూసుకుని, పిల్లల బడి కూడా అడిగేసుకుని, మానిటోబాలో ఉంటానని సంతకం పెట్టినవాడు ప్రభుత్వాన్ని మోసం చెయ్యలేదు. ఆ ఊళ్లోనే ఉండాలనుకుని, అర మార్కు తక్కువై ఆగిపోయిన ఒక నర్సుని మోసం చేశాడు. ఆమె నల్గొండ మనిషి కావచ్చు, మనీలా మనిషి కావచ్చు. దొంగ ముల్కీ కాగితం వరంగల్ కుర్రాడికి చేసిందే ఇది ఆమెకి చేసింది. స్నేహితుడని ఉత్తరం రాసిచ్చినవాడిని కూడా మోసం చేశాడు. అతని మాట ఆ ఊళ్లో ఇంకోసారి చెల్లదు. నిజంగా ఉందామనుకుని వచ్చి, రెండేళ్లు లైసెన్సు కోసం తిరిగి, బిడ్డ జబ్బుకో పెద్దవాళ్ల కోసమో వెళ్లిపోయినవాడు వేరు. ఇద్దరూ ఎక్కింది ఒకే విమానం కావచ్చు. మా దావతుల్లో ఇద్దర్నీ ఒకే గాట కట్టి తిట్టడం అన్యాయం.

ఇందులో మాకు మింగుడుపడని ముక్క ఒకటుంది. వెనకవాడి గురించి ఆలోచించు అనగానే, నువ్వు తప్పుచేస్తే మీవాళ్లందరికీ చెడ్డపేరు అనే పాత పాటలా వినిపిస్తుంది. ఒకడు చేసింది కౌము మొత్తం మీద రాయడం మాకు చిన్నప్పట్నుంచీ అలవాటైన శిక్ష. క్రికెట్ మ్యాచి రోజున మా వీధి మొత్తం పరీక్ష రాసేది. ఆ పరీక్ష ఇక్కడ కూడా రాయం. 'మీవాళ్లు ఉండరు' అని ఎవరైనా అంటే, ఉండనివాడి పేరు చెప్పు, వాడిని అడుగు అంటాం. మేం పడ్డామంటున్న బాకీ అది కాదు. పరువు కోసం తీర్చేది కాదు. క్యూలో ముందున్నవాడికి వెనకున్నవాడి పట్ల ఉండే బాకీ. ఆ వెనకవాడు మా మతం కాకపోయినా, మా భాష కాకపోయినా ఉంటుంది. ఈ రెండింటికీ మధ్య గీత సన్నదే. మాలో కొందరికి ఇప్పటికీ కనపడదు. పరువు మాటెత్తకుండా నీతి మాట్లాడటం మాకెవరూ నేర్పలేదు మరి.

ఈమధ్య కరీంనగర్ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. దూరపు చుట్టం, పాయింట్ల పట్టికలో కూడా దూరపు చుట్టమే. 'భాయ్, ల్యాండ్ అయ్యాక టొరంటో పోతే పట్టుకుంటారా?' అని అడిగాడు. పట్టుకోరు అని ఉన్నమాట చెప్పాం. 'మరి ఉత్తరం రాసిస్తారా?' అన్నాడు. ఇక్కడ పని వెతుక్కుంటానంటే ఇవాళే రాసిస్తాం, మా ఇంట్లో దిగు, కోట్లు కూడా ఉన్నాయి, కొనక్కర్లేదు అన్నాం. టొరంటోలో గది మాట్లాడుకుని ఉంటే మాత్రం మా సంతకం అడగొద్దు అన్నాం. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత జనవరిలో చలి ఎంత ఉంటుందని అడిగాడు. సున్నాకి ముప్పై కిందికి పోతుంది, ఒక్కోరోజు ఇంకా కిందికి అని చెప్పాం. అమ్మీని అడిగి చెబుతానని పెట్టేశాడు. ఉత్తరం ఇంకా రాయలేదు.